ఆయన మాట్లాడింది పేపరు కోసం

పదిహేనేళ్ల కిందట తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఓ పెద్దాయనతో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. నలభై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. సత్య హరిశ్చంద్ర కాటిసీనులో నటుడు రాగం లాక్కుంటూ పోతుంటే వెనక తాను ఎలా కాసుకునేవాడో వేళ్లు ఆడించి మరీ చూపించాడు. చివర్లో టీ తాగుతూ, నాటకాల కాంట్రాక్టరు డబ్బు ఎగ్గొట్టడం, దాంతో పెద్దమ్మాయికి కుదిరిన సంబంధం తప్పిపోవడం కూడా చెప్పాడు. అన్నీ రాశాను. ఆదివారం అనుబంధంలో వచ్చింది. ఆయన పది కాపీలు కొని బంధువులకు పంచాడట.

ఇప్పుడు నా పాత ఇంటర్వ్యూల్లో నలభై ఏరి ఈ-బుక్ వేద్దామని ఒక ప్రచురణకర్త అడిగాడు. వెల 99 రూపాయలు. నాకూ ఆశ పుట్టింది. తిరిగింది నేను, అడిగింది నేను, రాత్రులు కూర్చుని రాసింది నేను. ఆ శ్రమకు డబ్బు అడగడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఫైళ్లు తిరగేస్తూ ఆ తప్పిపోయిన సంబంధం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

1981లో అమెరికాలో ఇలాంటి తగాదా ఒకటి కోర్టుకెక్కింది. జెర్రీ ఫాల్వెల్ అనే మితవాద మతబోధకుడు ఇద్దరు ఫ్రీలాన్స్ విలేకరులకు ఇచ్చిన ఇంటర్వ్యూ, తీరా చూస్తే నగ్నచిత్రాల పత్రిక పెంట్‌హౌస్‌లో అచ్చయింది. ఆయన నిత్యం తిట్టిపోసే తరహా పత్రిక అది. నేను ఒప్పుకున్నది దీనికి కాదు అన్నాడు. ఇంటర్వ్యూలో నోటితో చెప్పిన మాటల మీద కాపీరైట్ అడగలేవంది కోర్టు. ఫాల్వెల్ రాజకీయాలు నాకు గిట్టవు. అయినా ఆ ఫిర్యాదులో న్యాయం ఉందనే అంటాను. ఎవరికి చెబుతున్నాం, ఎందుకు చెబుతున్నాం అని చూసుకునే కదా ఎవరైనా నోరు విప్పేది!

ఆదివారం పేపరు సోమవారానికి బజ్జీల పొట్లం అవుతుంది. ఈ-బుక్ అలా కాదు. రేపు ఆ ఇంటి మనవరాలి పెళ్లిచూపులకు వచ్చేవాళ్ల ఫోన్లో కూడా ఉండొచ్చు.

అలాగని ఇంటర్వ్యూలు పుస్తకాలు కాకూడదా? 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ఇంటర్వ్యూలు చేసి తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ లేకపోతే తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడిన ఆడవాళ్ల గొంతులు మనదాకా వచ్చేవే కావు. కానీ వాళ్ల పాత్రను నమోదు చేయాలనే మొదలైన పని అది. నేను వెళ్లింది ఒక ఆదివారం పేజీ కోసం.

అందుకే నలభై మందికీ ఫోన్లు చేస్తున్నాను. వద్దన్నవాళ్లవి తీసేస్తాను. సరేనన్నవాళ్లకు నా రాయల్టీలో సగం. ప్రచురణకర్తకు ఈ ఆలస్యం నచ్చలేదు. ఆయన ఇబ్బంది నాకు అర్థమవుతూనే ఉంది.

తెనాలి నంబరుకు చిన్నమ్మాయి పలికింది. ఆయన పోయి ఆరేళ్లట. చదివి వినిపించమంది. పెళ్లి సంగతి వచ్చేసరికి, “అది తీసేయండి సార్, అక్క ఇంకా ఈ ఊళ్లోనే ఉంది” అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేయబోతూ ఆగి, “ఇంకోటండీ... మా నాన్న దాన్ని హార్మోనియం అని ఏనాడూ అనలేదు. హార్మణీ అనేవాడు. అలాగే వేయండి” అంది.