చేతికి తగిలితేనే క్లే

కారుకు వాక్స్ పట్టించాలనుకునేవాళ్లు ఏ డబ్బా కొనాలన్నదాని గురించి చాలా ఆరా తీస్తారు. దానికి ముందు చేయాల్సిన పని గురించి అంతగా అడగరు. షాంపూతో కడిగి తుడిచిన బానెట్ కంటికి నిగనిగలాడుతూనే కనిపిస్తుంది. చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని, వేళ్ల కొసలను దాని మీద నెమ్మదిగా జరిపి చూస్తే మాత్రం చాలా కార్ల మీద గరగర తెలుస్తుంది. కవర్ అడ్డు ఉంటే చర్మం పెయింటుకు పట్టుకోకుండా జారుతుంది కాబట్టి, వట్టి వేళ్లకు అందని గరుకు కూడా తెలిసిపోతుంది. ఆ గరుకును తీయడానికే క్లే బార్ ఉంది. దాన్ని వాడాలా వద్దా అన్నది ఆ గరుకును బట్టే తేల్చుకోవాలన్నది నా వాదన. వాక్స్ వేసిన ప్రతిసారీ అలవాటుగా క్లే రుద్దితే పెయింటుకు నష్టం. క్లే అంటే భయపడి గరుకు మీదే వాక్స్ పూస్తే డబ్బు దండగ.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే క్లే ఎలా పనిచేస్తుందో చూడాలి. అది పిసికితే సాగే పాలిమర్ ముద్ద. అందులో అతి సన్నని రాపిడి పొడి కలిపి ఉంటుంది. జపాన్‌కు చెందిన తదావో కొదాతె 1990లలో దీని మీద అమెరికాలో పొందిన పేటెంట్లు కూడా దీన్ని మెత్తగా వంగే రాపిడి సాధనంగానే వర్ణించాయి. జారుడు ద్రవం చల్లి పెయింటు మీద జరిపితే ముద్ద నున్నటి చోట జారిపోతుంది, పైకి పొడుచుకు వచ్చిన రేణువు దగ్గర పట్టుకుని దాన్ని పెకలించి తనలో కలుపుకుంటుంది. ఈ పనంతా జరిగేది క్లియర్ కోట్ మీద. ఫ్యాక్టరీలో వేసిన ఆ పొర మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మనిషి వెంట్రుక మందం కన్నా తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడేది కూడా అదే. సన్నరకం క్లేను సరిగా వాడితే ఆ పొరలో తరిగేది చాలా స్వల్పమే. అయినా సన్నటి గీతలు, మసక మరకలు పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మెత్తటి పెయింటున్న నల్ల కార్ల మీద అవి వెంటనే బయటపడతాయి.

అసలు కడిగినా పోనిది ఏముంటుంది? అన్నిటికన్నా మొండిది ఇనుము. బ్రేకు వేసినప్పుడల్లా డిస్కు, ప్యాడ్ల నుంచి వేడి ఇనుప రజను లేస్తుంది. రైలు పట్టాల పక్కనా, లోహం కోసే చోటా, ఉక్కు కర్మాగారాల దగ్గరా ఇది ఇంకా ఎక్కువ. ఆ రేణువులు పెయింటులో నాటుకుని, తేమ తగిలి తుప్పు పట్టి, తెల్ల కార్ల మీద నారింజ చుక్కల్లా కనిపిస్తాయి. విశాఖపట్నం పాతబస్తీ వాసులకు ఓడరేవు వైపు నుంచి వచ్చి వాకిళ్ల మీద పడే నల్లటి బొగ్గు దుమ్ము బాగా తెలుసు. అలా వదులుగా పడిన దుమ్ము నీళ్లకు పోతుంది. నాటుకున్న ఇనుము పోదు. దాని మీదికి నేరుగా క్లే తీసుకెళ్లడం కూడా తెలివైన పని కాదు. క్లే పైకి కనిపించే మొనను తీసేసినా వేరు లోపలే ఉండిపోవచ్చు, అక్కడ తుప్పు మళ్లీ మొదలవుతుంది. అమ్మోనియం థయోగ్లైకొలేట్ లాంటి రసాయనం ఉన్న ఐరన్ రిమూవర్ చల్లితే, అది ఇనుముతో కలిసి ఊదారంగుకు తిరిగి, రేణువును కరిగిస్తుంది. వాసన ఘాటుగానే ఉంటుంది. నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు చల్లి, ఆరకముందే కడిగేయాలి. తారు చుక్కలకు తారు కరిగించే ద్రావకం వేరే ఉంది. ఈ రెండూ అయ్యాక మళ్లీ కవర్ పెట్టి తడమాలి. చాలాసార్లు గరుకు అక్కడితోనే సగం పోతుంది. ఆ మేరకు క్లే రాపిడి తప్పినట్టే.

అన్నీ రసాయనాలే చేసేస్తే క్లే దేనికని అడగవచ్చు. అన్నీ చేయవు. పక్కింటి గేటుకు స్ప్రే పెయింట్ వేసినప్పుడు గాలికి కొట్టుకొచ్చి పడిన తుంపర, చెట్టు జిగురు ఆరాక మిగిలిన పొర, పేరు తెలియని పారిశ్రామిక మసి లాంటివి ఐరన్ రిమూవర్‌కు లొంగవు. పెయింటు తుంపరను తీయడంలో క్లేకు సాటి వచ్చే సులువైన సాధనం నాకు తెలిసి లేదు. ఇక వాక్స్ అన్నిటినీ కప్పేస్తుంది కదా అన్నది రెండో ప్రశ్న. ఇంటికి రంగు వేసేవాళ్లు పాత సున్నం గీకకుండా కొత్త రంగు పూయరు. కిందిది రాలితే పైదీ రాలుతుంది. మలినం మీద పూసిన వాక్స్‌కు కూడా పెయింటు సరిగా అందదు. అది తొందరగా పోతుంది, పోయేదాకా గరుకు గరుకుగానే ఉంటుంది. పాలిషింగ్ మెషిన్ పెడితే అన్నీ పోతాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. మెషిన్ ప్యాడ్ ఆ రేణువులను పీకి, తనలో ఇరికించుకుని, బానెట్ పొడవునా తిప్పుతుంది. క్లే ఒకచోట తీసే పనిని అది అంతటా గీతలుగా మారుస్తుంది.

నాకు బరువైనదిగా కనిపించే అభ్యంతరం ఇంకొకటి: మన రోడ్ల మీద రెండు రోజులకే మళ్లీ దుమ్ము పేరుకుంటుంది, ఇంత శ్రమ ఎందుకు? దుమ్ము పేరుకోవడం వేరు, పెయింటుకు అతుక్కోవడం వేరు. నున్నటి ఉపరితలం మీద వాక్స్ ఉంటే దుమ్ము వదులుగా కూర్చుంటుంది, నీటి ధారకే చాలావరకు జారిపోతుంది. మన దగ్గర పెయింటును నిజంగా పాడు చేసేది ఆ దుమ్మును తీసే పద్ధతి. హైదరాబాద్, విజయవాడ అపార్టుమెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడుస్తారు. వీధి దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోహ్స్ కొలతలో 7, క్లియర్ కోట్ దానికి ఏమాత్రం సాటి రాదు. తగినంత నీళ్లు లేకుండా ఆ ఇసుకను గుడ్డతో రుద్దినప్పుడల్లా గీతలు పడతాయి. ఎండలోనో బల్బు వెలుగులోనో సాలెగూడులా కనిపించే గీతల్లో ఎక్కువ భాగం అలా వచ్చినవే. తుడిచే మనిషిని తప్పుపట్టి లాభం లేదు. నెలకు అతనికిచ్చే డబ్బు, ఒక్కో కారుకు దొరికే నిమిషాలు, పార్కింగులో అందే నీళ్లు అంతకన్నా మంచి పనికి చోటివ్వవు. కానీ ఏడాదికి ఒకటో రెండో సార్లు, జారుడు ద్రవం మీద నడిచే క్లేకు భయపడుతూ రోజూ పొడి దుమ్మును గుడ్డతో రుద్దించడం మాత్రం లెక్క తప్పినట్టే. వారానికి ఒకసారి ముందు నీళ్లు కొట్టి, తర్వాత షాంపూతో కడిగించి, మిగతా రోజుల్లో ముట్టుకోకుండా వదిలేయడమే మేలు.

క్లే వాడాల్సి వచ్చినప్పుడు సన్నరకంతోనే మొదలుపెట్టాలి. చిన్న ముక్కను చదునుగా నొక్కి, రెండడుగుల మేర చోటును షాంపూ నీళ్లతో బాగా తడిపి, వేళ్ల బరువు తప్ప ఇంకేమీ వేయకుండా సూటి గీతల్లో జరపాలి. మొదట గరగరలాడిన ముద్ద నిశ్శబ్దంగా జారడం మొదలైతే ఆ చోట పని అయినట్టే. మురికి పట్టిన ముఖాన్ని లోపలికి మడిచి, పిసికి, కొత్త ముఖం పైకి తేవాలి. నేల మీద పడితే ఎంత ఖరీదైన ముక్కైనా పారేయాలి, దానికి అంటిన ఇసుక కడిగినా పోదు. క్లే పాత వాక్స్‌నూ తీసేస్తుంది కాబట్టి ఆ రోజే కొత్తది పట్టించాలి. మ్యాట్ పెయింటు మీద దీన్ని వాడనే కూడదు.

ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇది చాలు. షాపుకు ఇచ్చేవాళ్లు ఇంకొకటి చేయాలి. టెఫ్లాన్ కోటింగో సిరామిక్ కోటింగో మాట్లాడుకున్నప్పుడు క్లే కూడా ప్యాకేజీలో ఉందని చెబుతారు. కడిగాక, క్లే పట్టకముందు, కవర్ పెట్టి బానెట్, టాపు, తలుపులు, డిక్కీ మనచేత తడిమించమని అడగాలి. ఎండకూ గాలికీ తిన్నగా ఎదురయ్యే బానెట్, టాపు గరుకుగా ఉండి, తలుపులు నున్నగానే ఉండటం మామూలే. నున్నగా ఉన్న తలుపుల మీద క్లే వద్దని చెప్పే హక్కు ఆ కారు యజమానికి ఉంది. పని తెలిసిన షాపువాడు ఆ మాటకు అభ్యంతరం చెప్పడు.