ఇంటి జమాఖర్చు పుస్తకము

ధరలు పెరుగుచు రాబడి నిలిచిపోయిన కాలమున గృహస్థుడు మొదట చేయవలసిన పని యేది యని ఎవరైన నన్నడిగినచో, ఒక రూళ్ల పుస్తకము కొని, పుట నడుమ నిలువుగీత గీసి, ఎడమవైపున జమ, కుడివైపున ఖర్చు అని వ్రాసి, ఆ రాత్రి ఇంటిలో నున్న రొక్కమును లెక్కపెట్టి మొదటి పంక్తిలో ప్రారంభపు నిలువగా చేర్చుమని చెప్పుదును. ఖర్చు తగ్గించుకొనుట, అప్పు తప్పించుకొనుట, ఉన్న అప్పును తీర్చుకొనుట, ఇవన్నియు ఆ పంక్తి వ్రాసిన తరువాతనే సాధ్యమగు పనులు.

నాకీ విద్య నేర్పినవాడు మా మేనమామ. ఆయన తెనాలి ప్రాంతమున ఒక బియ్యపు మిల్లులో గుమాస్తాగా జీవితమంతయు గడపి, పగలు యజమాని చిట్టాను, రాత్రి తన యింటి చిట్టాను ఒకే దస్తూరితో, ఒకే శ్రద్ధతో వ్రాసెడివాడు. మా అత్తయ్య పాల పద్దు, కూరగాయలు, పచారీ కొట్టు అరువు, చాకలి కిచ్చినది, గుడిలో హారతిపళ్లెమున వేసినది వరుసగా చెప్పుచుండగా, ఆయన మారు పలుకక వ్రాసికొని, పిమ్మట పెట్టె తెరచి రొక్కమును లెక్కించెడివాడు. పుస్తకపు నిలువకును పెట్టెలోని రొక్కమునకును పొత్తు కుదరని రాత్రులు లేకపోలేదు. అట్టి రాత్రి ఆయన ఆ భేదమును "తెలియని ఖర్చు" అను పేర ఒక పద్దుగా వేసెడివాడే గాని, కూరగాయలలోనో పాలలోనో కలిపి సరిపెట్టుట నే నెన్నడును చూడలేదు. "తెలియనిది తెలియదనే రాయాలిరా అబ్బాయ్, సర్ది రాస్తే రేపటి లెక్క గూడా తప్పుద్ది" అని నాతో అనెడివాడు. నెల చివర ఆ తెలియని పద్దులన్నియు కూడి చూచిన పిమ్మట వారిరువురును సంప్రదించుకొనెడి తీరు నాకు నేటికిని ఆదర్శము. అందులో దోషారోపణము లేదు. రూపాయి యెటు పోయినదో తెలిసికొనవలెనను ఆసక్తి మాత్ర ముండెను. భార్య ఖర్చును భర్తయు, భర్త ఖర్చును భార్యయు నేరముగా విచారింప మొదలిడిన యింట పుస్తకము వారము దినములు కూడ సాగదని నా దృఢవిశ్వాసము.

ఆయన పుస్తకపు చివరి పుటలు రెండు, ఇవ్వవలసినవియు రావలసినవియు వ్రాయుటకై ప్రత్యేకింపబడి యుండెను. పొరుగింటి నుండి తెచ్చిన చేబదులు యాభై రూపాయలైనను అందు కెక్కవలసినదే. చేబదులు వడ్డీలేని యప్పు గనుక దానికి లెక్క యక్కరలేదని తలచువారు కలరు. వడ్డీ లేదు గనుకనే దానిని మరింత జాగరూకతతో వ్రాసికొనవలెనని ఆయన మతము. తీర్చుట మరచిన చేబదులు మన మనసున నిలువకపోవచ్చును గాని ఇచ్చినవారి మనసున నిలుచును. మరునాటి నిజమైన ఆపదలో వారి గడప తొక్కుటకు మనకు ముఖము చెల్లదు.

వ్రాయ మొదలిడిన కొన్ని నెలలకు ఎవరికైనను గోచరించు విషయ మొకటి కలదు. సంసారమును అప్పులోనికి దించు ఖర్చులలో చాలభాగము అనుకోనివి కావు. బడి రుసుము జూనులో వచ్చునని తెలియును, సంక్రాంతికి కొత్తబట్టలు కొనవలెనని తెలియును, బీమా వాయిదా, ఇంటిపన్ను ఏ మాసమున కట్టవలెనో కాగితముమీదనే యుండును. తెలిసియు, నెలసరి లెక్కలోనికి అవి రావు గనుక, వచ్చిన దినమున పిడుగుపాటువలె తోచును. జూనులో ముప్పదియారు వేల రుసుము కట్టవలసిన గృహస్థుడు జూలై మొదలుకొని నెలకు మూడువేలను ఖర్చువైపుననే వ్రాసి, ఆ సొమ్మును వేరొక ఖాతాలో వేసినచో, మరుసటి జూను అతనికి సాధారణ మాసమే యగును. మూడువేలు మిగులని యింట ఎనిమిదివందలైనను మిగులవచ్చును. అప్పుడు చేయవలసిన యప్పు ఆ మేరకు తగ్గును, దానిపై వడ్డీయు తగ్గును.

2020 మార్చిలో దేశమంతటను లాక్‌డౌను విధించినప్పుడు ఈ విద్య యొక్క విలువయు, పరిమితియు రెండును మనము చూచితిమి. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు జీతములు లేక నెలల తరబడి గడపిరి; తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిలులో వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటింపవలసివచ్చినది. రిజర్వు బ్యాంకు ఋణముల వాయిదాలపై మార్చి 1 నుండి ఆగస్టు 31 వరకు మారటోరియము అనుమతించినది. కట్టవలసిన పని లేదని వినగానే పెక్కుమంది తేలికగా ఊపిరి పీల్చిరి. కాని ఆ ఆరు మాసములును వడ్డీ ఆగలేదు. గడువు మాత్రమే జరిగినది. కట్టుటకు శక్తి యుండియు ఊరక నిలిపినవారికి అది నష్టము, శక్తి లేనివారికి అది ప్రాణాధారము. తాము ఏ కోవకు చెందుదురో నిర్ణయించుకొనుటకు ఎదుట పుస్తక ముండినవారికి ఒక సాయంకాలము చాలినది.

ఇక వడ్డీ మాట. అప్పుచేయుట పాపమని నేను చెప్పను. విత్తనము కొరకును, వైద్యము కొరకును, చదువు కొరకును అప్పు చేయని యిల్లు మన ప్రాంతమున అరుదు. కాని చేయుచున్న అప్పు ధర యెంతయో తెలియక చేయుట మహాపరాధమని మాత్రము గట్టిగా చెప్పుదును. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుదురు. రెండు రూపాయల వడ్డీ యని వినుటకు స్వల్పముగా తోచునది సంవత్సరమునకు నూటికి ఇరువదినాలుగు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున నూరు పణములకు నెలకు ఒకటింబాతిక పణము ధర్మ్యమైన వడ్డీ యనియు, వ్యాపారులకు ఐదు, అడవిదారుల తిరుగువారికి పది, సముద్రయానము చేయువారికి ఇరువది యనియు నిర్దేశించెను. అపాయము హెచ్చిన కొలది వడ్డీ హెచ్చుననుట అందలి న్యాయము. గడప దాటి యెరుగని గృహిణి యొకతె వంటయింటి సరుకుల కొరకు వ్యాపారి కిచ్చు ధరకు అప్పు తెచ్చుకొనవలసివచ్చుట ఏ న్యాయమునకు సరిపోవునో నాకు తెలియదు.

నోటు తిరగవ్రాయుట అను ఆచారమును ఇచ్చట కొంచెము వివరింపవలెను. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేండ్లు. ఆ లోపుగా బాకీ తీరనిచో, ఋణదాత తన హక్కు చెడకుండ క్రొత్త నోటు వ్రాయించుకొనును. అప్పుడు అంతవరకు పెరిగిన వడ్డీని అసలులో చేర్చి వ్రాయుట మన పల్లెలలో పరిపాటి. లక్ష రూపాయలను రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు మూడేండ్ల పిదప 1,72,000 రూపాయలకు నోటు వ్రాసి యిచ్చును. మరి మూడేండ్లు గడచునప్పటికి ఆ బాకీ 2,95,840 రూపాయలగును. ఇచ్చునప్పుడు బారువడ్డీ యనియే మాట. తిరగవ్రాసిన క్షణమున అది చక్రవడ్డీగా మారినది, ఋణగ్రస్తుడు తన చేతితో సంతకము చేసినాడు గనుక ఎవరిని అడుగుటకును లేదు. ఒకసారి తీసికొను వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి శాసించినది. సూక్ష్మఋణ సంస్థల వారపు వసూళ్లతో పల్లెలు తల్లడిల్లి, ఒక సంస్థ అప్పు తీర్చుటకు మరొక సంస్థ అప్పు చేసి ఆడువారు ఉక్కిరిబిక్కిరియైన 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన చట్టమున సైతము, ఆ సంస్థలు అసలుకు మించి వడ్డీ వసూలు చేయరాదను నియమము చేర్చిరి. అంత ప్రాచీనమైన హద్దు అంత ఇటీవల మరల అవసరమైనది.

పట్టణములలో చిన్న వర్తకులకు ఇచ్చు రోజువారీ ఫైనాన్సు మరొక తీరు. పదివేలకు మొదటనే వెయ్యి పట్టుకొని తొమ్మిదివేలు చేతి కిచ్చి, దినమునకు నూరు చొప్పున నూరుదినములు వసూలు చేయుదురు. వెయ్యి రూపాయలేగదా వడ్డీ యని తోచును. కాని తెచ్చిన సొమ్ము మరునాటి నుండియే తిరిగిపోవుచున్నది గనుక, నూరుదినములలో సగటున దాదాపు సగమే అతని చేతిలో నుండును. ఆ లెక్కన అది సంవత్సరమునకు నూటికి డెబ్బదికి పైబడిన వడ్డీ. ఫ్లాట్ వడ్డీ అనునదియు ఇట్టిదే: పండ్రెండు శాతమని చెప్పి, నెలనెలా అసలు తగ్గుచున్నను మొదటి అసలుపైననే వడ్డీ కట్టించుకొన్నచో, ఏడాది అప్పుపై నిజమైన భారము ఇరువదియొక శాతమునకు పైన. ఇప్పుడు ఫోనులలోనికి వచ్చిన అప్పుల యాపులు ఎన్ని కుటుంబములను అవమానపరచి నాశనము చేసినవో 2020 చివర హైదరాబాదు పత్రికలు చదివినవారికి తెలియును. తరువాత 2022లో రిజర్వు బ్యాంకు, ఇట్టి అప్పులపై సర్వఖర్చులను కలిపిన వార్షిక శాతమును ముందుగా చెప్పి తీరవలెనని నియమించినది. అప్పు ఇచ్చువాడు ఎవడైనను సరే, "సంవత్సరానికి నూటికి ఎంత పడుతుందండీ, అన్నీ కలిపి?" అని అడుగుడు. జవాబు తిన్నగా రాని చోట అప్పు పుచ్చుకొనవలదు.

పొదుపు గురించి మన ఆడువారు దేశమునకు నేర్పినది చిన్న విషయము కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో పుట్టిన సారా వ్యతిరేకోద్యమము 1992లో జిల్లా యంతటను వ్యాపించిన పిదప, సారా దుకాణమునకు పోవుట మానిన రూపాయిని ఏమి చేయవలెనను ప్రశ్న నుండి పొదుపు లక్ష్మి సంఘములు వెలసినవి. దినమునకొక రూపాయి నాడు వారి నియమము. నన్ను ఎక్కువ ఆకర్షించునది ఆ రూపాయి కంటె వారి పుస్తకము: ఎవరు కట్టిరి, ఎవరు తీసికొనిరి, ఎందుకు తీసికొనిరి అనునది పదిమంది యెదుట బిగ్గరగా చదివి వ్రాయుదురు. ఇంటిలో భర్తకును పిల్లలకును తెలియకుండ దాచిన అప్పు ఎంత వేగముగా పెరుగునో చూచినవారికి, పదిమంది విన్న అప్పు ఏల తీరునో వేరుగ చెప్పనక్కరలేదు. జీతము తగ్గిన తండ్రి ఆ సంగతిని ఎదిగిన పిల్లలతో చెప్పుటకు సంకోచింపరాదు. వారు మనము తలచినదానికంటె పెద్దమనసు గలవారు. పెండ్లిండ్లకు, పుట్టినరోజులకు పరువు కొరకు చేయు ఖర్చులు తగ్గించుటకు తరచుగా వారే ముందు ఒప్పుకొందురు.

బంగారమును గురించి ఒక మాట. 1930 తరువాత ధాన్యపు ధరలు పడిపోయి, 1931లో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచిన పిమ్మట బంగారము ధర పెరుగగా, మన పల్లెలలోని స్త్రీల నగలు పన్నులకును వడ్డీలకును కరిగి ఓడలెక్కి పోయినవి. అమ్మినది మరల రాలేదు. నేడు బ్యాంకులో తాకట్టుపెట్టు సౌకర్యము కలదు. చేయి నోటు అప్పుకంటె దాని వడ్డీ చాల తక్కువ. పెట్టవలసివచ్చినచో సిగ్గుపడనక్కరలేదు, విడిపించు తేదీని ఆ దినముననే పుస్తకమున వ్రాసి, నెలనెలా వడ్డీయైనను కట్టుచుండవలెను.

ఇంత చెప్పియు, పుస్తకము వ్రాయలేదు గనుకనే అప్పులపాలైరని ఎవరిని నిందించుటకు నాకు నోరు రాదు. భూమి తనది కాని కౌలురైతుకు బ్యాంకు గుమ్మము దూరము; విత్తు నాటక మునుపే అతడు బాకీదారు, వాన రాకున్న ఏ పద్దు అతనిని కాపాడును? ఆసుపత్రి ఖర్చు ముందు ఎంతటి పొదుపరియైనను నిలువలేడు. వారికి కావలసినది తక్కువ వడ్డీకి న్యాయమైన ఋణము, ఉచితవైద్యము. అవి ప్రభుత్వముల బాధ్యత, ఆ బాధ్యతను మనము అడుగుచునే యుండవలెను.

ఉన్న అప్పులను తీర్చుటకు పూనుకొన్నవారు, వార్షిక శాతము హెచ్చుగా నున్నది పైన వచ్చునట్లు వానిని వరుసగా వ్రాసి, అన్నిటికిని కనీసపు వాయిదా కట్టుచు, మిగిలిన ప్రతి రూపాయిని పై వరుసలోని దానికే వేయవలెను. కట్టలేని నెల వచ్చునని తోచినచో గడువు దాటకమునుపే ఋణదాత యొద్దకు స్వయముగా పోవుట మేలు. ముందుగా వచ్చి అడిగినవానికి గడువిచ్చుటకు అతని మనసు సులభముగా ఒప్పుకొనును. నోటు అప్పునకు కొంత సొమ్ము కట్టిన ప్రతిసారియు నోటు వెనుక తేదీతో చెల్లు వ్రాయించి, ఆ మొత్తమును ఆ రాత్రియే ఇంటి పుస్తకమున ఎక్కించవలెను. మొత్తము తీరిన దినమున నోటును తిరిగి పుచ్చుకొనక ఆ యింటి నుండి లేవకూడదు. "రేపు వెదకి ఇస్తాలెండి" అని వా రన్నచో, తీరినదని ఒక రసీదైనను వ్రాయించుకొని రావలెను.