చిన్న రంధ్రము, పెద్ద కోత

పొట్టపై మచ్చయే లేకుండ పేగులను ఒకదానికొకటి అంటించు అతుకులను విడదీయుదుమనియు, తెరచి చేయుట యనాగరికమనియు చాటిన యొక ప్రకటన యీ వారము నన్ను మిక్కిలి నొప్పించినది. వైద్యుని వ్రేలికి సాటి యగు పనిముట్టు లేదని యీ శీర్షికయందు పలుమార్లు వ్రాసితిని.

మా మేనత్తకు గర్భసంచి తీసిన కొన్నేండ్లకు అతుకులచే పేగు మూసికొని, పొట్ట ఉబ్బి, పసరు వాంతులై, గాలి కూడ పోని దుస్థితి యేర్పడినది. ముక్కున గొట్టము వేసి, సెలైను ఎక్కించి, పేగు తానై తెరచుకొనునేమోయని వేచి చూచిన పిదపనే వైద్యుడు కోతకు పూనుకొనెను. పేగును మొదటినుండి చివరవరకు జానెడు జానెడుగా వ్రేళ్లమధ్య నడపుచు, అతుకులలో గట్టిపట్టీని కత్తెరతోను, పలుచని పొరను వ్రేలికొనతోను విడదీసితినని ఆయన మాకు తరువాత వివరించెను. పేగు మూసికొను బద్ధగుదోదరమను వ్యాధికి నాభిక్రింద ఎడమవైపున చీల్చి, పేగును వెలికిదీసి పరీక్షింపుమని సుశ్రుతుడు విధించిన మార్గమునకు ఆ చేతులు వారసులని నాకు తోచినది.

అయినను మేనత్తకు ఆ బాధ మరల వచ్చినది. కోతయే క్రొత్త అతుకులకు బీజము. తెరచి చేసిన శస్త్రచికిత్సానంతరము నూటికి 90 మందికి పైగా అవి యేర్పడుటను మెంజీస్, ఎల్లిస్ అను వైద్యులు 1990లో ప్రకటించిరి. ఒంటిపట్టీ వలననే పేగు మూసికొన్నదని తోచిన రోగులపై ఫిన్లాండు, ఇటలీ వైద్యులు జరిపి 2019లో వెలువరించిన పరీక్షలో, చిన్న రంధ్రములగుండ దుర్భిణితో చేయు ల్యాపరోస్కోపీ పొందినవారు సగటున 4.2 దినములకును, తెరచి చేయించుకొన్నవారు 5.5 దినములకును ఇల్లు చేరిరి. పేగునకు గాయమగుట మాత్రము రెంటను ఇంచుమించు సమానమే. కావున పేగు మితిమీరి ఉబ్బక, అతుకులు దట్టముగా లేనిచో, పాతమచ్చకు దూరముగా తొలిరంధ్రము పెట్టి ల్యాపరోస్కోపీతోనే యారంభించుట మేలు. ఉబ్బిన పేగును పట్టకారుతో లాగిన చిరుగును. అప్పుడు కంటబడని చిల్లు కొన్నాళ్లకు ఉదరమంతట చీము పట్టించును. అట్టిచోట వెంటనే తెరచు వైద్యుడు ఓడినవాడు కాడు, రోగిని కాచినవాడు.

పేగు మూసికొనక నొప్పి మాత్రమే యున్నవారికి, అతుకులను కోసినను, కోయక దుర్భిణితో చూచి విడిచినను, ఏడాదికి కలిగిన ఉపశమనము సమానమేయని 2003లో డచ్చి వైద్యులు వెల్లడించిరి. ఆ నొప్పికై కత్తికి తొందరపడకుడు. పేగు మూసికొన్నవారి బంధువులు మాత్రము మచ్చ యెంత పొడవని గాక, ఏ స్థితిలో తెరచెదరని వైద్యుని ముందే యడుగవలయును.