పండు ఆగదు, నరం వినదు

చిక్కంలో పడ్డ మామిడికాయ కిందికి దిగుతుంది. తొడిమ తుంచి, సొన కార్చి ట్రేలో పేరుస్తారు. నిండిన ట్రే దగ్గర దగ్గర 20 కిలోలు తూగుతుంది. దాన్ని వంగి ఎత్తాలి, పక్కకి తిరగాలి, ట్రాలీ మీద నిలబడ్డ మనిషికి అందించాలి. ఏప్రిల్, మే నెలల్లో జి. కొండూరు చుట్టుపక్కల తోటల్లో పొద్దున్నే మొదలయ్యే ఈ పని ఎండ ముదిరేదాకా సాగుతూనే ఉంటుంది. బరువుతో వంగి పక్కకి తిరగడమంటే నడుముకి అస్సలు పడదు. సీజన్లో ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ట్రేని సగంలో వదిలేసి, పిర్ర మీద చెయ్యేసుకుని నిలబడిపోతారు. ‘నరం జివ్వుమంది’ అంటారు.

ఈ కాలమ్ రాసేవాడికి తోట పని రాదు, కుర్చీలో కూర్చుని రాసే బతుకు. పోయినేడు మే నెలలో చుట్టాల తోటకి వెళ్లి, కుర్రాళ్ల ముందు గొప్పకి ఒక్క ట్రే ఎత్తాడు. ఆ ఒక్కటే. మర్నాటికి పిర్రలో మొదలైన మంట తొడ వెనక నుంచి పిక్కలోకి, పిక్క నుంచి చిటికెన వేలి దాకా తీగలా పాకింది. తుమ్మితే కరెంటు కొట్టినట్టుండేది.

సలహాలకి కొదవ లేదు. ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టమన్నారు పెద్దవాళ్లు. వావిలాకు మరిగించిన నీళ్లు పోసుకోమంది పక్కింటి పిన్ని. ‘రెండు సూదులు వేయించుకో, పరుగెత్తుతావు’ అన్నాడొక మిత్రుడు. వీటన్నిటికీ పైమెట్టు బావమరిది మాట: ‘బావా, మావోడు ఎదురుకాళ్లతో పుట్టాడు. బోర్లా పడుకో. నడుం మీద వాడి కాలు ఒక్కటి పడితే చాలు.’ ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తన్నితే నడుం పట్టు వదులుతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

జబ్బు పాతది. డాక్టర్లు సయాటికా అనే దీన్ని ఆయుర్వేదం గృధ్రసి అంటుంది. గృధ్రమంటే రాబందు. రోగి కాలీడ్చే తీరు ఆ పక్షి నడకలా ఉంటుందని ఆ పేరు పెట్టారని చెబుతారు. ఈ నొప్పి నరానిదని 1764లో నేపుల్స్ వైద్యుడు డొమెనికో కొటున్యో పుస్తకం రాశాడు. వెన్నుపూసల మధ్య డిస్కు చిట్లి నరం మొదలుని నొక్కడమే చాలామందిలో కారణమని బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు 1934లో తేల్చారు. నూజివీడు వైపు వాళ్లకి దీన్ని వివరించడం తేలిక. చిన్నరసం పండు పిసుకుతుంటే రసమంతా ముచ్చిక దగ్గరికొచ్చి ఉబ్బుతుంది కదా, డిస్కు లోపలి గుజ్జు కూడా అలాగే బయటికి తోసుకొస్తుంది.

విజయవాడలో డాక్టరు ఈ కాలమ్ రాసేవాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచనివ్వకుండా కాలు పైకెత్తాడు. సగం ఎత్తుకి వెళ్లేసరికి కేక. ‘స్కాన్ ఇప్పుడే అక్కర్లేదు. ఉబ్బిన గుజ్జుని చాలాసార్లు ఒళ్లే కరిగించుకుంటుంది. ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టండి. మంచం మాత్రం పట్టకండి’ అన్నాడు.

ఓపిక పట్టమనే వైద్యాన్ని ఎవరు నమ్ముతారు? ఇతనూ నమ్మలేదు. ఇంటికొచ్చి పరిశోధనలు తిరగేశాడు. నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగుల్లో సగం మందిని రెండు వారాలు మంచం మీదే ఉంచారు, మిగతావాళ్లని మామూలుగా తిరగనిచ్చారు. 12 వారాలకి రెండు జట్లలోనూ 87 శాతం మంది తేరుకున్నామన్నారు. ఆ ఫలితం 1999లో అచ్చయింది. నరాల నొప్పికి విరివిగా రాసే ప్రీగాబాలిన్ మాత్రని ఆస్ట్రేలియాలో 209 మంది మీద పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగని తేలలేదు. అది 2017లో వచ్చింది. ఆపరేషన్ సంగతి వేరు. 2007 నాటి డచ్ పరిశోధనలో తొందరగా కోయించుకున్నవాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి, కోయించుకున్నవాళ్లూ మొదట ఆగి చూసినవాళ్లూ ఒకే చోట ఉన్నారు.

ఎదురుకాళ్ల పిల్లాడి కీర్తి గుట్టు అతనికి అక్కడ దొరికింది. నాలుగో వారంలో తన్నించుకున్నవాడు ఆరో వారంలో లేచి తిరుగుతాడు. పేరు ఆ కాలికొస్తుంది. ఐదో వారంలో సూది వేయించుకుంటే సూదికొస్తుంది. పని చేసింది వారాలు, పేరు ఆఖరున చెయ్యేసినవాళ్లది. కాపడం హాయిగానే ఉంటుంది, కాలకుండా చూసుకుంటే చాలు. చిట్లిన డిస్కు మీద తన్ను మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

ఆ వారాల్లో అతను పట్టుకున్న సాధన ఒకటుంది. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు 1956లో ఒక రోగిని బల్ల మీద బోర్లా పడుకోమన్నాడు. అంతకుముందు ఎవరి కోసమో బల్ల తలవైపు భాగం ఎత్తి ఉంది. రోగి చూసుకోకుండా అలాగే, నడుం వెనక్కి విరిగేలా పడుకున్నాడు. కాసేపటికి కాలి నొప్పి పోయిందన్నాడు. ఆ పొరపాటు నుంచి ఒక వ్యాయామ పద్ధతే పుట్టింది. ఈ కాలమ్ రాసేవాడు పొద్దున్నే వసారాలో చాప మీద బోర్లా పడుకుంటాడు. తర్వాత మోచేతుల మీద ఛాతీ ఎత్తుతాడు. గుర్తు ఒక్కటే: నొప్పి పాదం వదిలి నడుం వైపు వెనక్కొస్తే కొనసాగించాలి, కిందికి దిగితే ఆపెయ్యాలి. అందరికీ ఇది పడదు, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకునే చెయ్యాలి. ఎనిమిదో వారానికి అతను చెరువు కట్ట దాకా నడిచొచ్చాడు. పేరు చాపకివ్వాలో వారాలకివ్వాలో అతనికిప్పటికీ తేలలేదు.

కోత కూలీకి ఈ ఎనిమిది వారాలు ఎవరిస్తారు? నరం అడిగే గడువు ఎంతో మామిడి సీజనూ దాదాపు అంతే. చెట్టు మీద పండు ఆగదు, నున్న మామిడి మార్కెట్టూ ఆగదు. అందుకే సూది పొడిపించుకుని మర్నాడు మళ్లీ ట్రే ఎత్తుతారు.

గడువు దొరక్కపోయినా ట్రే ఎత్తే తీరు మార్చుకోవచ్చు. జర్మనీలోని ఉల్మ్ పరిశోధకులు ఒక మనిషి డిస్కులోకే పీడనం కొలిచే సాధనం పంపి చూశారు. ఊరికే నిలబడ్డప్పటికంటే, నడుం వంచి 20 కిలోలు ఎత్తినప్పుడు పీడనం నాలుగున్నర రెట్లకి పైగా ఉంది. అదే బరువుని మోకాళ్లు వంచి ఎత్తితే సుమారు మూడున్నర రెట్లు. ఎత్తాక ఒంటికి ఆనించి పట్టుకుంటే రెండు రెట్ల చిల్లర. 20 కిలోలంటే మన ట్రేనే.

ఓపికకీ ఒక హద్దుంది: కాలి పాదం పైకి లేవకపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా వారాలు లెక్కపెట్టకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇక తోటలు పట్టే వ్యాపారులకి, రైతులకి ఒక మనవి: వచ్చే సీజనుకి ట్రేలు నేల మీద నింపించకండి. తుండ్లు, చెక్కలు మీ తోటలోనే ఉంటాయి. నడుమెత్తు బల్లలు రెండు కొట్టించి, ట్రాలీని వాటి పక్కనే నిలబెట్టండి.