అట్ట చెప్పే వయసు

పాత ఫోటో చేతికి రాగానే అందరూ ముఖం చూస్తారు. నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను, తర్వాత అంచులు తడుముతాను. ఫోటోలో ఉన్నది ఎవరో తెలియకపోయినా, అది ఏ దశాబ్దానిదో అట్ట చాలావరకు చెప్పేస్తుంది.

అప్పట్లో ఫోటోలు కోడిగుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం మీద వేసేవారు. ఆ కాగితం ఊరికే చుట్టుకుపోతుంది, అట్టకు అంటించక తప్పదు. 1854లో పారిస్‌లో ఫోటోగ్రాఫర్ డిస్డేరీ పేటెంటు తీసుకున్న కార్ట్ డి విజిట్, రెండున్నర అంగుళాల వెడల్పూ నాలుగు అంగుళాల పొడవూ ఉన్న చిన్న కార్డు, దేశదేశాలకూ పాకింది. పెద్దదైన క్యాబినెట్ కార్డు 1866 ప్రాంతంలో వచ్చింది. 1860లలో అట్ట పల్చన, మూలలు కోసుగా ఉండేవి. 1870లలో మూలలు గుండ్రబడ్డాయి. తర్వాత అట్ట మందమెక్కింది, ఏటవాలుగా కోసిన అంచులకు బంగారు పూత వచ్చింది. అమెరికా కార్డు వెనక పన్ను స్టాంపు కనిపిస్తే మరీ సులువు, ఆ పన్ను ఉన్నది 1864 నుంచి 1866 దాకానే.

మన దగ్గర దొరికే వాటిలో నాకు ప్రాణం ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కార్డులు. ఆయనకు నిజాం మహబూబ్ అలీఖాన్ ‘రాజా’ బిరుదు ఇచ్చింది 1894లో. అట్ట మీద ఆ మాట అచ్చయి ఉంటే ఆ కార్డు అంతకు ముందుది అయ్యే వీల్లేదు. బొంబాయి స్టూడియో పేరు కూడా ఉంటే 1896కు ఇవతలిదే. మూలల గుండ్రదనం కన్నా ఇలాంటి అచ్చుమాటనే నేను ఎక్కువ నమ్ముతాను. ఎందుకంటే స్టూడియోలు పాత అట్టల నిల్వ అయిపోయేదాకా వాడేవి. పోయినవారి బొమ్మకు మళ్లీ కాపీ తీయించి కొత్త అట్టకు అంటించుకున్న కుటుంబాలూ ఉన్నాయి. అలాంటప్పుడు అట్ట చెప్పేది ప్రింటు వయసే. మనిషి ఏ కాలం వాడో తేల్చడానికి దుస్తులూ, ఇంట్లో వాళ్ల మాటా కావాలి.

ఇంత సమాచారం మోస్తున్న అట్టను ఫ్రేములో పట్టడం లేదని కత్తిరించడం, లామినేషన్ కోసం తడిపి ఊడదీయడం చూస్తే మనసు విలవిల్లాడుతుంది. మీ ఇంట్లో ముత్తాతల ఫోటోలుంటే దయచేసి ఊడదీయకండి. స్కాన్ చేయించేటప్పుడు వెనక వైపు కూడా చేయించండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఎవరు ఎవరో అడిగి వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి.