నల్లగా మెరిసేదంతా మంచి రోడ్డేనా?

ఖరగ్‌పూర్‌లోని ఖరిదాకు వెళితే బెంగాలులో ఉన్నామన్న సంగతి కాసేపు మరచిపోతాం. రైల్వే కొలువుల కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ మధ్య అక్కడి బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, కాలేజీలో చదివే మా మేనల్లుడు ఓ మలుపు దగ్గర స్కూటరు ఆపి, "చూశారా మామయ్యా, రోడ్డును అద్దంలా చేశారు!" అన్నాడు. నిజమే. పాత రోడ్డు మీద కొత్తగా వేసిన నల్లటి పూత నిగనిగలాడుతోంది. మర్నాడు వాన పడింది. అదే మలుపులో బ్రేకు వేయగానే స్కూటరు పక్కకు జారింది. దెబ్బలు తగలలేదు గాని ఇద్దరికీ గుండె ఝల్లుమంది. రోడ్డు అద్దంలా ఉండాలని కోరుకోవడంలోనే ఏదో పొరపాటుందని అప్పుడనిపించింది.

అలాగని పూత వేయడమే తప్పా? కానే కాదు. రోడ్డులో కంకరను పట్టి ఉంచే బిటుమెన్ ముడిచమురును శుద్ధి చేయగా మిగిలే జిగట పదార్థం. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఎండకు కాగి, అది ఏటేటా గట్టిపడి పెళుసుబారుతుంది. అప్పుడు సన్నని పగుళ్ళు పుడతాయి. వాటిలోంచి నీరు దిగి కింది పొరలను మెత్తబరుస్తుంది. ఆపై లారీ చక్రాలు తొక్కితే గుంత పడక తప్పదు. ఖరగ్‌పూర్ పక్కనుంచి సాగే కోల్‌కతా–చెన్నై 16వ నంబరు జాతీయ రహదారి శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడల మీదుగా పోతుంది. దారి పొడవునా రోడ్డుకు ఎదురయ్యే పరీక్షలు ఇవే: ముందు మండే ఎండ, వెనుకనే రుతుపవనాల వాన.

పగుళ్ళు ముదరకముందే నీటిని అడ్డుకునే పలుచని పొరలనే సీల్ పూతలంటారు. వీటిలో చాలావాటికి ముడిసరుకు ఎమల్షన్, అంటే నీటిలో సూక్ష్మ బిందువులుగా చెదిరి ఉన్న బిటుమెన్. బాగా కాచిన బిటుమెన్‌లా ఇది కార్మికుల ఒళ్ళు కాల్చదు. దీన్ని మరింత పలుచన చేసి చల్లితే ఫాగ్ సీల్. సన్నని రాతిపొడి, కొద్దిగా సిమెంటు, నీరు కలిపి పరిస్తే స్లర్రీ సీల్. ఎమల్షన్‌కు పాలిమర్ చేర్చి మరింత దృఢంగా, త్వరగా గట్టిపడేలా చేస్తే మైక్రోసర్ఫేసింగ్. బిటుమెన్ చల్లి, దానిపై చిన్న కంకర పరచి, రోలరుతో అదిమితే చిప్ సీల్.

ఈ పద్ధతులు మనకు తెలియనివి కావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ స్లర్రీ సీల్, మైక్రోసర్ఫేసింగ్‌ల నిర్దేశాలను 2008లోనే ప్రచురించింది. నా విమర్శ పద్ధతుల మీద కాదు, మనం వాటిని వాడే తీరు మీద, మెచ్చుకునే తీరు మీద.

మొదటిది, ఆలస్యం. గుంతలు పడి జనం గోల పెట్టేదాకా రోడ్డు మనకు గుర్తుకు రాదు. కాని సీల్ పూత మందు కాదు, టీకా వంటిది. కింది పొర కుంగిపోయాక పైన ఎంత పూసినా అది దాని బలాన్ని తిరిగి తేలేదు. 1990–91లో అమెరికా, కెనడాల్లో అనేకచోట్ల ఈ పూతలను పక్కపక్కనే వేసి ఏళ్ళ తరబడి పరిశీలించారు. ముందే దెబ్బతిన్న రోడ్ల మీద వేసినవి త్వరగా విఫలమయ్యాయి. బాగున్న రోడ్డు మీద డబ్బు ఖర్చు పెట్టడం దుబారా అని మనం అనుకుంటాం. నిజానికి చెడిపోయిన రోడ్డుపై పలుచని పూత వేయడమే దుబారా.

రెండవది, కొలమానం. మన దేశంలో రోడ్డు పొరల రూపకల్పనకు వాడే 'ఐఐటీపేవ్' అనే కంప్యూటరు ప్రోగ్రాము ఖరగ్‌పూర్ ఐఐటీలోనే తయారయింది. చక్రాల బరువుకు పొరల్లో పుట్టే ఒత్తిళ్ళను అది లెక్కగడుతుంది. లోపలి పొరలకు ఇంత లెక్క ఉండగా, పైపొరకు మాత్రం మన కంటికి కనిపించే నలుపే గీటురాయి! చక్రానికి కావలసింది నలుపు కాదు, ఘర్షణ. గంటకు 60 కి.మీ. వేగంతో పోతున్న వాహనానికి బ్రేకు వేశామనుకుందాం. ఘర్షణ గుణకం 0.7 ఉంటే అది సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. తడిసి నునుపెక్కిన చోట గుణకం 0.35కు పడిపోతే 40 మీటర్లు కావాలి. ఆ తేడా 20 మీటర్లలో ఓ బడిపిల్ల రోడ్డు దాటుతూ ఉండవచ్చు.

బిటుమెన్ ఎక్కువైతే ఎండకు పైకి ఊరి రాళ్ళను ముంచేస్తుంది. ఫాగ్ సీల్ వేసిన కొత్తలో పట్టు తగ్గుతుంది కనుక అవసరమైన చోట పైన ఇసుక చల్లాలి. చిప్ సీల్ అయితే అతుక్కోని కంకరను ఊడ్చేదాకా వాహనాల వేగాన్ని అదుపులో ఉంచాలి. ఎమల్షన్ ఆరేలోగా వాన పడని రోజు చూసుకోవాలి. ఇవి అదనపు హంగులు కావు, పనిలో భాగాలే.

ఉపరితలం ఎంత గరుకో మీరే కొలవవచ్చు. వాహనాలు తిరగని స్కూలు ఆవరణలో 50 మిల్లీలీటర్ల పొడి సన్న ఇసుకను పోసి, చదునైన బిళ్ళతో గుండ్రంగా, ఇక పరుచుకోనంతవరకు పరచండి. ఇసుక ఘనపరిమాణాన్ని వృత్త వైశాల్యంతో భాగిస్తే సగటు లోతు వస్తుంది. వ్యాసం 25 సెం.మీ. ఉంటే లోతు సుమారు 1 మి.మీ. అదే 40 సెం.మీ. అయితే 0.4 మి.మీ. మాత్రమే. అంటే, ఇసుక ఎంత దూరం పరుచుకుంటే తల అంత నునుపన్నమాట. టైరు కింది నీరు తప్పుకోవడానికి ఆ లోతే దారి. ఇంజనీర్లు ఇదే పరీక్షను రోడ్డు మీద చేస్తారు. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు.

చివరగా, అనువాదకుడిగా ఒక మాట. మనం అన్నింటినీ 'తారు' అనేస్తాం. అసలు తారు బొగ్గు నుంచి వచ్చేది. అందులో క్యాన్సరు కలిగించే హైడ్రోకార్బన్లు బిటుమెన్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాహనాలు నిలిపే స్థలాలకు పూసిన బొగ్గుతారు అరిగి వాగుల్లోకి చేరుతోందని గుర్తించి, అమెరికాలోని ఆస్టిన్ నగరం 2006 నుంచి అటువంటి పూతలను నిషేధించింది. రెండింటికీ ఒకే పేరు పెడితే ఏది పూస్తున్నారో అడగడం కూడా మనకు చేతకాదు.

ఖరిదాలో మా మేనల్లుడు ఆ సాయంత్రమే వాకిట్లో ఇసుక పోసి, స్కేలు పట్టుకు కూర్చున్నాడు. ఇక మీదట ఎవరైనా "రోడ్డు అద్దంలా ఉంది" అంటే మీరూ ఒక ప్రశ్న వేయండి: వాన పడ్డాక అక్కడ బ్రేకు వేసి చూశారా?