క్రైస్తవ ఉత్కంఠకథా భేదములు – ఒక పరిశీలనము

ఉత్కంఠ ప్రధానముగా గల కథలను సాహిత్యవిమర్శకులు చిరకాలము చిన్నచూపు చూచిరి. అందును క్రైస్తవ విశ్వాసము ప్రాతిపదికగా గల ఉత్కంఠకథల గతి చెప్పనక్కఱలేదు. సాహితీపరులు వానిని మతప్రచారమని త్రోసివేసిరి. మతస్థులలో కొందఱు వట్టి కాలక్షేపమని అనుమానించిరి. అయినను ఇరువదవ శతాబ్దారంభము నుండి నేటివఱకు ఇంగ్లీషు భాషలో ఈ శాఖ ఎడతెగక పెంపొందుచునే యున్నది. చెస్టర్టన్, గ్రేహమ్ గ్రీన్ వంటి ప్రసిద్ధులును ఇందు గలరు. అమెరికాలో కోట్లకొలది ప్రతులు అమ్ముడువోయిన నవలల కర్తలును గలరు. వీరి నందఱిని ఒక్క పేరున పిలుచుటచే వీరి నడుమ గల భేదము మఱుగుపడుచున్నది. ఆ భేదమును గుర్తించుటకు తగిన కొలబద్ద యేదియో నిర్ణయించుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

ఈ శాఖకు పుట్టుకతోడనే యొక చిక్కు కలదు. ఉత్కంఠకు మూలము అనిశ్చయము. ఏమి జరుగనున్నదో తెలియనపుడే పాఠకుని మనస్సు ముందునకు పరుగిడును. క్రైస్తవ సిద్ధాంతమున నన్ననో, కథాంతము ముందే వెల్లడియైనది. క్రీస్తు పునరుత్థానముతో మరణము ఓడిపోయినదనియు, చెడుగు తుదకు నశించి తీరుననియు విశ్వాసి నమ్మును. గెలుపెవరిదో తెలిసిన పోరాటమును చూచుటలో ఉత్కంఠ యెక్కడిది?

తెలిసిన కథను ఆసక్తితో వినుట మనకు క్రొత్త కాదు. సీత తిరిగి వచ్చునని హరికథ వినువారి కందఱకు తెలియును. అయినను హనుమంతుడు లంకలో వెదకు ఘట్టమున పందిరి నిశ్శబ్దమగును. జాషువా కవి ‘క్రీస్తు చరిత్ర’ను చదువువారికి సిలువయు, పునరుత్థానమును తెలియని విషయములు కావు, ఆ కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. ఇట్టి రచనలలో ఆనందమునకు హేతువు రసము; ఫలితమును గూర్చిన సందేహము కాదు. నవలలోని పాత్ర యట్లు కాదు. అతడు పాఠకునకు క్రొత్తవాడు. అతని గతి యేమగునో పురాణము చెప్పలేదు. కావున మన ప్రశ్న నవల విషయమున నిలిచియే యున్నది.

దీనికి సమాధానము వెదకుటలో మన నాట్యశాస్త్రము తోడ్పడగలదు. కార్యమునకు ఆరంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని ఐదవస్థలు చెప్పబడినవి. ప్రాప్త్యాశలో ఉపాయమును, అపాయశంకయు పెనవైచికొని యుండును. నియతాప్తిలో అపాయము తొలగి ఫలము నిశ్చితమగును. ఉత్కంఠకు నెలవు ప్రాప్త్యాశయే. క్రైస్తవ దృష్టిలో లోకమునకు నియతాప్తి యేనాడో సిద్ధించినది. ఒక్కొక్క మానవుడు మాత్రము ఇంకను ప్రాప్త్యాశలోనే యున్నాడు. దైవము ఎన్నుకొన్నవారి రక్షణ నిశ్చితమని చెప్పు కాల్విను మార్గీయులు సైతము ఆ యెన్నిక మానవుని కంటికి కనబడునని చెప్పరు. థామస్ అక్వినాస్ నిరీక్షణకు విరోధులైన రెండు పాపములను వివరించెను: ఒకటి నిరాశ, రెండవది, ఎట్లైనను రక్షణ లభించునను ధీమా. నిరాశలోను ధీమాలోను అనిశ్చయమునకు తావు లేదు. ఆ రెంటి నడుమ గల సన్నని దారియే నిరీక్షణ. తెలుగు బైబిలున ఈ పదము ఆశను చెప్పును. వాడుకలో ఎదురుచూచుటను చెప్పును. ఈ రెండర్థములు కలసిన చోటనే క్రైస్తవ ఉత్కంఠకథ పుట్టుచున్నదని మా అభిప్రాయము. కావున ఇట్టి కథలో అడుగవలసిన ప్రశ్న యిది: అపాయము ఎవరిది? పాఠకుడును ఆ అపాయమున భాగస్వామియా, లేక గట్టున సుఖముగా కూర్చుండిన ప్రేక్షకుడా?

మొదటి భేదము అపరాధ పరిశోధన కథ. జి. కె. చెస్టర్టన్ 1911లో ‘ది ఇన్నొసెన్స్ ఆఫ్ ఫాదర్ బ్రౌన్’ అను సంపుటమును ప్రకటించెను. నాటికి ఆయన యింకను కతోలిక సంఘమున చేరలేదు. ఆ చేరిక 1922లో జరిగినది. ఈ కథలలోని పరిశోధకుడు పొట్టివాడు, అమాయకునివలె కనబడు పల్లెటూరి గురువు. పాపసంకీర్తనములు విని విని మానవహృదయపు చీకటిమూలలను ఎఱిగినవాడు. 1927లో వెలువడిన నాల్గవ సంపుటమున అతడు తన పద్ధతిని బయలుపఱచును. హంతకుని బయటినుండి చూచుట అతని మార్గము కాదు. తానే ఆ హంతకుడైనట్లు లోలోపల భావించి, ఆ కోపమును, ఆ దురాశను తనయందే కనుగొనును. ‘ది హేమర్ ఆఫ్ గాడ్’ అను కథలో దైవభక్తుడైన విల్ఫ్రెడ్ బోహన్ గుడి గోపురముపైనుండి సుత్తిని జాఱవిడిచి దుర్మార్గుడైన తన అన్నను చంపును. ఎత్తున నిలిచి ప్రార్థించి ప్రార్థించి, క్రింది మనుష్యులు పురుగులవలె కనబడగా, తీర్పరితనము తనదే యనుకొనుట అతని పతనమునకు హేతువు. ఫాదర్ బ్రౌన్ సత్యమును గ్రహించియు అతనిని పోలీసులకు పట్టియీయడు. నిర్ణయమును అతనికే విడుచును. ఆ నిమేషమున కథలోని ఉత్కంఠ స్థానము మాఱుచున్నది. హంతకుడెవడను సందేహము తీఱినది. అతడిపుడేమి చేయునను సందేహము మిగిలినది. విల్ఫ్రెడ్ తనంత తానుగా లొంగిపోవును.

రోనల్డ్ నాక్స్ అను కతోలిక గురువు 1929లో అపరాధ కథలకు పది నియమములు ఏర్పఱచుచు, అతిమానుష శక్తుల ప్రమేయమును నిషేధించుట ఇచట గమనింపదగినది. అద్భుతములను నమ్ము గురువే కథలో అద్భుతమును కాదనెను. రహస్యము మానవబుద్ధికి అందవలెననుట ఈ భేదమునకు ప్రాణము.

డొరొతీ సేయర్స్ 1934లో వ్రాసిన ‘ది నైన్ టైలర్స్’ ఈ భేదమున మిక్కిలి పరిణతమైన రచన. తూర్పు ఇంగ్లండు పల్లపు నేలలలోని యొక పల్లెలో, సంవత్సరాది రాత్రి, గుడి గంటలను తొమ్మిది గంటలసేపు విడువక మ్రోగింతురు. మ్రోగించువారిలో ఒకడు జబ్బుపడగా, దారి తప్పి వచ్చిన పరిశోధకుడు లార్డ్ పీటర్ విమ్సీ ఆ త్రాడు పట్టుకొనును. కొన్ని నెలలకు ఒక గుర్తు తెలియని శవము బయటపడును. తుదకు తేలినదేమనగా, గంటల గదిలో కట్టివేయబడిన యొక దొంగ ఆ ఘోరనాదమునకే మరణించెను. దైవస్తుతికై గంటలు మ్రోగించిన వారందఱును, వారిలో పరిశోధకుడును, తెలియకయే హంతకులైరి. నేరస్థుని వెదకువాడే నేరమున భాగస్వామి యగుట ఇచట కథాచమత్కారము మాత్రము కాదు. ఎవడును పూర్తిగా నిర్దోషి కాడను క్రైస్తవ తత్త్వము ఉపన్యాసము లేకుండ కథానిర్మాణమునందే యిమిడిపోయినది.

రెండవ భేదము వేటాడబడు ఆత్మ కథ. దీనికి గ్రేహమ్ గ్రీన్ ఆచార్యుడు. ఆయన 1926లో కతోలికుడయ్యెను. 1938లోని ‘బ్రైటన్ రాక్’ పైకి ముఠాల కథ. పదునేడేండ్ల పింకీ హత్య చేసి, సాక్షి కాగల రోజ్ అను బాలికను నోరు మూయించుటకై పెండ్లాడును. వానిని వెంటాడు ఐడా ఆర్నల్డ్ అను స్త్రీకి తప్పొప్పులు తెలియును. పింకీకి, రోజ్‌కు తెలిసినవి పాపపుణ్యములు, స్వర్గనరకములు. చివరి క్షణమున పశ్చాత్తాపపడుటకు వ్యవధి దొరకునని పింకీ వేసికొనిన లెక్క అక్వినాస్ చెప్పిన ధీమాయే. అతడు చచ్చిన పిదపను కథలోని భయము తీఱదు. తనను ప్రేమించినాడని నమ్మిన రోజ్, అతని కంఠము నింపుకొనిన గ్రామఫోను రికార్డును వినుటకై ఇంటికి నడచుచుండగా నవల ముగియును. ఆ రికార్డులో ద్వేషము తప్ప మఱేమియు లేదని పాఠకునకు మాత్రమే తెలియును.

1940లోని ‘ది పవర్ అండ్ ది గ్లోరీ’ అంతకంటె గొప్పది. మెక్సికోలోని టబాస్కో రాష్ట్రమున గురువులను నిర్మూలించిన కాలము దీనికి నేపథ్యము. గ్రీన్ 1938లో ఆ దేశమున పర్యటించెను. ఇందలి నాయకుడు త్రాగుబోతైన గురువు; అతనికొక కూతురు కలదు. ఆ బిడ్డపై ప్రేమ యుండుటచే, ఆమె పుట్టుకకు హేతువైన పాపమునకు మనఃపూర్వకముగా పశ్చాత్తాపపడలేడు. ఇంతటి ముడిని అపరాధకథ కల్పింపజాలదు. అతడు సరిహద్దు దాటి క్షేమము చేరిన పిదప, మరణశయ్యపై నున్న యొక హంతకునకు పాపసంకీర్తనము వినవలెనని పిలుపు వచ్చును. అది వలయని తెలిసియే అతడు వెనుకకు మఱలును. పట్టుబడునా లేదా యను ఉత్కంఠ అంతటితో ముగిసినది. వెళ్లునా వెళ్లడా యను ఉత్కంఠ నవలకు శిఖరము. తన జీవితము వ్యర్థమైనదను భావముతోనే అతడు తుపాకిగుండ్లకు ఎదురు నిలుచును. పాఠకుడు అతనిని ధన్యుడని తలచును. అతనికి ఆ సంగతి తెలియదు. 1953లో వాటికనులోని మతసభ ఈ నవలను ఆక్షేపించుటను బట్టి, ప్రచారమునకును దీనికిని గల దూరము తెలియును.

మూడవ భేదము అదృశ్యలోకపు కథ. ఇది రెండు పాయలు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమున ఉద్యోగియైన చార్లెస్ విలియమ్స్ 1930లో ‘వార్ ఇన్ హెవెన్’ వ్రాసెను. ప్రచురణకర్తల కార్యాలయమున ఒక శవము కనబడుటతో అది ప్రారంభమగును. హంతకుడెవడో త్వరలోనే తెలిసిపోయి, క్రీస్తు కడపటి విందునాటి పాత్రకై పోరాటము మొదలగును. ఆయన 1937లోని ‘డిసెంట్ ఇన్‌టు హెల్’ నరకమునకు దిగజాఱు మెట్లను ఒక్కొక్కటిగా చూపును. వెంట్‌వర్త్ అను చరిత్రకారుని ఒక నాటకమునకు సిద్ధపఱచిన సైనికవేషములు సరియైనవేనా యని యడుగుదురు. తప్పు కనబడియు, సరిదిద్దు శ్రమకు ఓర్వక సరియేనని చెప్పును. అంత చిన్న అసత్యము! పండితుడైన పాఠకుని గుండెలో ఆ పుట గ్రుచ్చుకొనును. ఇచట అదృశ్యలోకము హృదయమునకు అద్దము.

రెండవ పాయకు ప్రతినిధి ఫ్రాంక్ పెరెటి. 1986లో వెలువడిన ‘దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్’లో ఆష్టన్ అను చిన్నపట్టణముపై దురాత్మలు దండెత్తగా, ఖడ్గధారులైన దేవదూతలు వారినెదిరింతురు. దూతల బలము మానవుల ప్రార్థనపై ఆధారపడియుండుట ఇందలి మంచి కల్పన. ఫలితమును మానవుని స్వేచ్ఛకు ముడివైచుటచే ఉత్కంఠ నిలిచినది. దోషము వేఱొకచోట నున్నది. చెడుగునకు రెక్కలు, గోళ్లు వచ్చి బయట నిలిచినవి. పక్షము మంచిదని తెలిసిన పాఠకునకు తన్ను తాను శంకించుకొను అవసరము తొలగినది. శంకింపవలసినవారు ఎదుటి పక్షము వారు. భయానకము సిద్ధించినది గాని ఆత్మపరీక్ష జాఱిపోయినది.

నాల్గవది యుగాంతకథ. టిమ్ లహే, జెర్రీ బి. జెన్కిన్స్ కలసి 1995లో ప్రారంభించిన ‘లెఫ్ట్ బిహైండ్’ ప్రధానమాల 2004 నాటికి పండ్రెండు సంపుటములైనది. పందొమ్మిదవ శతాబ్దమున జె. ఎన్. డార్బీ ప్రచారము చేసిన యుగవిభజన సిద్ధాంతము దీనికి పునాది. విశ్వాసులు హఠాత్తుగా ఎత్తబడుదురు. మిగిలినవారు ఏడేండ్ల మహాశ్రమలను, క్రీస్తు విరోధి పాలనను అనుభవింతురు. ప్రారంభము ప్రతిభావంతము. అట్లాంటిక్ సముద్రముపై ఎగురుచున్న విమానమున ప్రయాణికులు మాయమై, వారి వస్త్రములు మాత్రము ఆసనములపై మిగులును. వెనుక మిగిలినవారిలో బ్రూస్ బార్న్స్ అను బోధకుడు కలడు. ఇతరులకు బోధించిన విశ్వాసము తనకు లేదని అతడు అప్పుడు గ్రహించును. ఈ మాలలో పాఠకునకు నిజముగా తగులు బాణమిది. తరువాతి సంపుటములు ప్రకటన గ్రంథపు ముద్రలను, బూరలను, పాత్రలను వరుసగా నడపుచు పంచాంగమువలె సాగును. తరువాతి విపత్తు ఏదియో ముందే తెలియును. పాత్రలలో ఎవరు బ్రతుకుదురనునదే మిగిలిన సందేహము. నాట్యశాస్త్ర పరిభాషలో, ప్రాప్త్యాశ అణగి నియతాప్తియే సంపుటముల పర్యంతము సాగదీయబడినది.

ఐదవది మనస్తత్త్వకథ. టెడ్ డెక్కర్ 2003లో వ్రాసిన ‘త్రీ’ అను నవలలో వేదాంతవిద్యార్థి కెవిన్ పార్సన్‌ను, పాపము ఒప్పుకొమ్మని అజ్ఞాతుడొకడు బాంబులతో బెదిరించును. బెదిరించువాడు, కాపాడవచ్చిన బాల్యస్నేహితురాలు ఇరువురును కెవిన్ మనస్సులోనివారే యని తుదకు తేలును. చేయగోరిన మేలు చేయక, గోరని కీడు చేయుచున్నానని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో చెప్పిన అంతర్యుద్ధమునకు ఇది కథారూపము. శత్రువును మరల లోపలికి తెచ్చుట మెచ్చదగినది. కాని మనోవ్యాధికిని పాపమునకును గల హద్దు చెఱిగిపోవుటచే, నాయకుని బాధ్యత యెంతయో తేలదు. ప్రణయమును అపాయముతో జోడించి డీ హెండర్సన్ మున్నగువారు వ్రాసిన నవలలు మఱియొక భేదము. అందు విశ్వాసము నాయికానాయకుల వివాహమునకు అర్హతగా నుండుటయే తఱచు.

ఈ పరిశీలనము వలన తేలునది యేమి? అతిమానుషము కలదా లేదా, సిద్ధాంతచర్చ యెక్కువయా తక్కువయా యను ప్రశ్నలు ఈ రచనల విలువను నిర్ణయింపజాలవు. విలియమ్స్ నవలలలో అతిమానుషము మెండు. సేయర్స్ నవలలో శూన్యము. అయినను రెండును ఒక్క జాతివి. పెరెటి, లహేల రచనలలో సిద్ధాంతనిష్ఠకు లోటు లేదు. అయినను నిరీక్షణ యనదగిన స్థితి వానిలో క్షణికము. ‘సురక్షితులమైన మనము, అపాయములోనున్న వారు’ అను విభజనము కుదిరిన చోట కథ వేగముగా నడచును గాని, పాఠకుని ధీమాను పోషించును. ఆ మతమే పాపమని చెప్పిన గుణమును ఆ మతము పేరిటనే పెంచును. ఇది కళాలోపమే కాదు, సిద్ధాంతలోపము కూడ.

విశ్వాసి కాని పాఠకుడు సైతము ఫాదర్ బ్రౌన్‌ను, మెక్సికో గురువును మఱువలేకపోవుటకు కారణమిదియే. రక్షణను నమ్మకున్నను, తాను పతనము కాగలనని ప్రతి మానవుడును ఎఱుగును. కొమ్మూరి సాంబశివరావు మున్నగువారి రచనలతో విస్తరించిన మన డిటెక్టివ్ నవలను పరిశోధించు విద్యార్థులకును ఈ కొలబద్ద ఉపకరింపవచ్చును. నేరస్థుడెవడను ప్రశ్న తీఱిన పిదప పాఠకుని మనస్సున ఇంకేదైన మిగిలియున్నదా యని ఒక్కొక్క కథను పరీక్షించినచో, మనము కాలక్షేపమని ప్రక్కకు నెట్టినవానిలో సాహిత్యమెంతయో, సాహిత్యమని తలకెత్తుకొనినవానిలో కాలక్షేపమెంతయో తేటపడగలదు.